లినక్స్‌లో సీడీ, డీవీడీలను మౌంట్ చేయడం – నిర్వాహకుని అధికారాన్ని వాడే పద్ధతి

సరిహద్దు జిల్లాలలోని తెలుగు కుటుంబాలకు బంధుత్వాలు ఒక రాష్ట్రంతో ఆగవు. హోసూరు పిల్లకు కుప్పంలో మేనమామ ఉంటాడు, బళ్లారి కోడలికి అనంతపురంలో పుట్టిల్లు ఉంటుంది, రాయగడలో పెళ్లయితే పార్వతీపురం నుండి పెద్దలు తరలివస్తారు. 2000వ దశకంలో ఇట్టి పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, షష్టిపూర్తులు సీడీలపై, డీవీడీలపై ఇల్లిల్లూ చేరాయి. నేడు ఆ డిస్కులు బీరువా అడుగున ఉన్నాయి. వాటిని చదివే ప్లేయర్లు మూలపడ్డాయి. ఇంట్లో ఉన్న కంప్యూటరు లినక్స్‌తో నడుస్తున్నదైతే డిస్కు పెట్టగానే ఏమీ కనిపించక, “డిస్కు పాడైపోయింది” అని పారవేసిన సందర్భాలు ఉన్నాయి. అనేక సందర్భాలలో డిస్కు పాడు కాలేదు. దానిని మౌంట్ చేయవలసి ఉన్నదంతే.

తమిళనాడులో 2011లో మొదలైన ఉచిత ల్యాప్‌టాప్‌ల పథకంలో సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్స్ కూడా పిల్లల చేతికి వచ్చింది. ఉబుంటు, డెబియన్, ఫెడోరా, మింట్ వంటి ఇతర పంపిణీలను ఖర్చు లేదని వేసుకున్న ఇళ్లూ ఉన్నాయి. పంపిణీ ఏదైనా మౌంట్ చేసే సూత్రం ఒక్కటే. ఆ సూత్రాన్నీ, అందుకు కావలసిన నిర్వాహకుని అధికారాన్నీ, అది వాడేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలనూ ఈ వ్యాసంలో వరుసగా వివరిస్తున్నాము.

మౌంట్ అనగా ఏమి?

విండోస్‌లో ప్రతి డ్రైవుకూ ఒక అక్షరం ఉంటుంది. సీ అనేది హార్డ్ డిస్కు, డీ లేదా ఈ అనేది సీడీ డ్రైవు. లినక్స్‌లో ఈ అక్షరాలు లేవు. అక్కడ ఉన్నది ఒకే ఒక చెట్టు. ఆ చెట్టు మూలాన్ని ఒక్క ఏటవాలు గీతతో (/) సూచిస్తారు. ఫోల్డర్లన్నీ ఆ మూలం నుండి పుట్టిన కొమ్మలే. కొత్తగా ఒక సీడీని పెట్టినప్పుడు, దానిలోని ఫైళ్లు ఈ చెట్టుకు ఎక్కడో ఒకచోట అంటుకట్టబడాలి. మామిడి చెట్టుకు కొమ్మ అంటుకట్టినట్లే, ఒక ఖాళీ ఫోల్డరును చూపి “ఈ డిస్కులో ఉన్నది ఇక్కడ కనిపించాలి” అని ఆజ్ఞాపించడమే మౌంట్ చేయడం. ఆ ఫోల్డరును మౌంట్ పాయింటు అంటారు. పని ముగిసిన తరువాత ఆ అంటును విడదీయడం అన్‌మౌంట్.

డ్రైవు అనే యంత్రానికి ఒక పేరు, దానిలోని ఫైళ్లు కనిపించే ఫోల్డరుకు మరొక పేరు ఉంటాయి. ఈ రెండూ వేరని గుర్తుంచుకుంటే చాలావరకు తికమక తొలగిపోతుంది. మొదటి సీడీ లేదా డీవీడీ డ్రైవుకు నేటి లినక్స్‌లో ఎస్‌ఆర్0 అని పేరు. యంత్రాల పేర్లన్నీ డెవ్ అనే ఫోల్డరులో ఉంటాయి కనుక పూర్తి పేరు /డెవ్/ఎస్‌ఆర్0 అవుతుంది. రెండవ డ్రైవు ఉంటే అది ఎస్‌ఆర్1. బాగా పాత పంపిణీలలో ఇదే డ్రైవు హెచ్‌డీసీ వంటి పేరుతో కనిపించేది. హార్డ్ డిస్కుకు ఎస్‌డీఏ వంటి పేరు ఉంటుంది. ఎస్‌ఆర్, ఎస్‌డీ అనే ఈ రెండింటి తేడాను ఏమరుపాటు లేకుండా చూసుకోవాలి.

నిర్వాహకుని అధికారం ఎందుకు?

లినక్స్‌లో సర్వాధికారాలు గల వాడుకరిని రూట్ లేదా సూపర్‌యూజర్ అంటారు. ఇంట్లో నలుగురూ వాడే కంప్యూటరులో తక్కినవారందరూ సామాన్య వాడుకరులే. వారు తమ సొంత ఫైళ్లను మార్చుకోగలరు గాని వ్యవస్థకు చెందిన భాగాలను తాకలేరు. మౌంట్ చేయడం వ్యవస్థకు సంబంధించిన పని. అందుకు మూడు కారణాలు ఉన్నాయి.

మొదటిది: ఒక ఫోల్డరు మీద డిస్కును మౌంట్ చేస్తే, ఆ ఫోల్డరులో అంతకుముందు ఉన్న ఫైళ్లు కనబడకుండా కప్పబడిపోతాయి. అవి చెరిగిపోవు, అన్‌మౌంట్ చేయగానే తిరిగి వస్తాయి. అయితే వ్యవస్థ నడవడానికి అవసరమైన ఫోల్డరునే కప్పివేస్తే కంప్యూటరు అక్కడికక్కడే స్తంభించవచ్చును. పాస్‌వర్డుల ఫైలు ఉన్న ఫోల్డరును కప్పి, దాని స్థానంలో తన సొంత ఫైలును చూపే దుర్బుద్ధి గలవాడూ ఉండవచ్చును.

రెండవది: కొన్ని ప్రోగ్రాములు ఎవరు నడిపినా రూట్ అధికారంతోనే నడిచేలా గుర్తు వేయబడి ఉంటాయి. అటువంటి ప్రోగ్రామును డిస్కుపై వ్రాసి తెచ్చి మౌంట్ చేస్తే కంప్యూటరు మొత్తం పరాధీనం అవుతుంది. అందుకే ఆ గుర్తును లెక్కచేయవద్దని చెప్పే నోసుయిడ్ అనే షరతు ఉన్నది.

మూడవది: డిస్కులోని ఫైళ్ల అమరికను చదివేది లినక్స్ కెర్నెల్. అనగా వ్యవస్థ గుండెకాయ. కావాలని తప్పుగా తయారు చేసిన డిస్కు దానిని తడబరచగలదు.

ఈ కారణాల చేత మౌంట్ ఆదేశం మామూలుగా రూట్‌కే చెల్లుతుంది. అయితే డెస్క్‌టాప్‌పై సీడీ బొమ్మను నొక్కగానే పాస్‌వర్డు అడగకుండానే తెరచుకోవడం మీరు చూచి ఉండవచ్చును. అక్కడ యుడిస్క్స్ అనే సేవ మీ తరఫున రూట్ అధికారంతో ఆ పని చేస్తున్నది. కంప్యూటరు ముందు కూర్చున్న వ్యక్తి తీసి పెట్టుకోగల డిస్కును తెరవడానికి మాత్రమే అది అనుమతిస్తుంది. అప్పుడు డిస్కు మీడియా అనే ఫోల్డరు కింద మీ పేరిట కనిపిస్తుంది. ఇది పనిచేస్తున్నంత కాలం క్రింది ఆదేశాల అవసరమే ఉండదు. పని చేయనప్పుడు, డెస్క్‌టాప్ లేని కంప్యూటరులో, లేదా ప్రత్యేక షరతులతో తెరవవలసినప్పుడు సుడో అవసరం అవుతుంది.

సుడో అనగా ఏమి?

రూట్ పాస్‌వర్డును అందరికీ పంచకుండా, నమ్మకస్తులైన వాడుకరులకు ఒక్కొక్క ఆదేశానికి మాత్రమే ఆ అధికారం ఇచ్చే ఉపాయం సుడో. ఇది 1980 ప్రాంతంలో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయపు బఫెలో ప్రాంగణంలో పుట్టింది. 2004లో వెలువడిన ఉబుంటు, రూట్ ఖాతాను తాళం వేసి ఉంచి, సుడో ద్వారానే నిర్వహణ జరిగే పద్ధతిని సామాన్య వాడుకరులకు అలవాటు చేసింది.

ఆదేశానికి ముందు సుడో అని చేర్చితే కంప్యూటరు పాస్‌వర్డు అడుగుతుంది. ఇక్కడ మూడు విషయాలు గమనింపదగినవి.

• అడిగేది రూట్ పాస్‌వర్డు కాదు, మీ సొంత పాస్‌వర్డు.
• టైపు చేసేటప్పుడు చుక్కలు గాని నక్షత్రాలు గాని సాధారణంగా కనిపించవు. కీబోర్డు పని చేయడం లేదని భ్రమపడవద్దు. పూర్తిగా టైపు చేసి ఎంటర్ నొక్కండి.
• తెలుగు, కన్నడ, తమిళ, ఒడియా కీబోర్డు అమరికను వాడే ఇళ్లలో అమరిక ఇంగ్లీషుకు మారిందో లేదో ముందు చూడండి. టైపు చేసినది కనిపించదు కనుక పాస్‌వర్డు తప్పని మూడుసార్లు తిరస్కరించబడే వరకు అసలు కారణం బోధపడదు.

ఒకసారి సరైన పాస్‌వర్డు ఇచ్చిన తరువాత కొద్ది నిమిషాల వరకు మరల అడగదు. ఆ కొద్ది నిమిషాలలో టెర్మినల్‌ను తెరచి ఉంచి లేచిపోకూడదు. మీ పేరు సుడోయర్స్ ఫైలులో లేదని సందేశం వస్తే, మీ ఖాతాకు నిర్వాహకుని హోదా ఇవ్వలేదని అర్థం. ఆ కంప్యూటరును మొదట అమర్చిన వారి ఖాతాతో ప్రవేశించి, సెట్టింగ్స్‌లో వాడుకరుల జాబితా తెరచి, మీ ఖాతాను నిర్వాహక ఖాతాగా మార్చవలసి ఉంటుంది. బడికో, ఆఫీసుకో చెందిన కంప్యూటరైతే అక్కడి బాధ్యులను అడగడమే మర్యాద.

ఆదేశాలను చదివే విధం

ఈ పుటలో ఆదేశాలను ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో ఇస్తున్నాము. టెర్మినల్‌లో మాత్రం వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతోనే టైపు చేయాలి. లినక్స్‌కు పెద్ద అక్షరం, చిన్న అక్షరం వేరువేరు. మాటకు మాటకు మధ్య ఒక ఖాళీ ఉండాలి. ఏటవాలు గీత తరువాత ఖాళీ లేకుండా ఇక్కడ చూపినట్లే ఉంచాలి. అక్షరక్రమాలు ఇవి:

• సుడో: ఎస్, యు, డి, ఓ
• మౌంట్: ఎం, ఓ, యు, ఎన్, టి
• యుమౌంట్: యు, ఎం, ఓ, యు, ఎన్, టి. అన్‌మౌంట్ చేసే ఆదేశమిదే. మొదటి యు తరువాత ఎన్ ఉండదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.
• ఎల్ఎస్‌బీఎల్‌కే: ఎల్, ఎస్, బి, ఎల్, కె
• ఎంకేడిర్: ఎం, కె, డి, ఐ, ఆర్
• డెవ్: డి, ఇ, వి
• ఎస్‌ఆర్0: ఎస్, ఆర్, సున్నా అంకె
• ఎంఎన్‌టీ: ఎం, ఎన్, టి
• డిస్క్: డి, ఐ, ఎస్, కె

వరుసగా చేయవలసిన పనులు

1. డిస్కును పెట్టి, డ్రైవు తిరిగే చప్పుడు నెమ్మదించే వరకు ఆగండి. నేటి ల్యాప్‌టాప్‌లలో డ్రైవు ఉండదు కనుక యూఎస్‌బీ డ్రైవు వాడవలసి ఉంటుంది. కొన్ని యూఎస్‌బీ డ్రైవులకు ఒక్క పోర్టు ఇచ్చే విద్యుత్తు చాలదు. తీగకు రెండు మొనలుంటే రెండింటినీ కలపండి.

2. డ్రైవు పేరు తెలుసుకోండి. ఇందుకు సుడో అక్కరలేదు.

ఎల్ఎస్‌బీఎల్‌కే

వచ్చిన జాబితాలో ఎస్‌డీఏ అని హార్డ్ డిస్కు, ఎస్‌ఆర్0 అని సీడీ డ్రైవు కనిపిస్తాయి. ఎస్‌ఆర్0 వరుసలో రకం అన్నచోట రామ్ అని ఉంటుంది. పరిమాణం చూచినా పోల్చుకోవచ్చును. సీడీ అయితే సుమారు 700 మెగాబైట్లు, ఒక పొర డీవీడీ అయితే 4.7 గిగాబైట్ల లోపు. అదే వరుస చివర ఏదైనా ఫోల్డరు పేరు ఉంటే డిస్కు ఇప్పటికే మౌంట్ అయి ఉన్నట్లు. ఆ ఫోల్డరును తెరచి చూస్తే సరిపోతుంది.

3. మౌంట్ పాయింటుగా ఒక ఖాళీ ఫోల్డరును సృష్టించండి. దీనిని ఒక్కసారి చేస్తే చాలును.

సుడో ఎంకేడిర్ /ఎంఎన్‌టీ/డిస్క్

4. మౌంట్ చేయండి. హైఫన్ తరువాతి ఓ అనేది షరతులు చెప్పబోతున్నామనడానికి గుర్తు. ఆర్, ఓ అనే రెండక్షరాలు కలిసి “చదవడానికి మాత్రమే” అనే షరతు అవుతాయి.

సుడో మౌంట్ -ఓ ఆర్‌ఓ /డెవ్/ఎస్‌ఆర్0 /ఎంఎన్‌టీ/డిస్క్

ముందు యంత్రం పేరు, తరువాత ఫోల్డరు పేరు అనే క్రమం తప్పకూడదు. డిస్కు పై ఫైళ్ల అమరిక ఏ పద్ధతిలో ఉన్నదో మౌంట్ స్వయంగా కనుగొంటుంది. సీడీలు సాధారణంగా 1988లో ప్రకటింపబడిన ఐఎస్‌ఓ 9660 ప్రమాణంలో ఉంటాయి. వీడియో డీవీడీలలో యూడీఎఫ్ పద్ధతి ఉంటుంది.

5. ఫైళ్లను మీ సొంత ఫోల్డరులోకి నకలు చేయండి. ఇక్కడ సుడో వాడవద్దు. సుడోతో నకలు చేస్తే ఆ ఫైళ్లకు రూట్ యజమాని అవుతాడు. తరువాత మీ ఫోటోను మీరే మార్చలేని స్థితి వస్తుంది. మామూలుగా ఫైల్ మేనేజరులో ఆ ఫోల్డరును తెరచి నకలు తీసుకోవచ్చును. డిస్కు నుండి వచ్చిన ఫైళ్లు “చదవడానికి మాత్రమే” అనే ముద్రతో రావచ్చు. ఫైలు గుణాలలోని అనుమతుల పుటలో దానిని మార్చుకోవచ్చును. వీడియో డీవీడీ అయితే వీడియో టీఎస్ అనే ఫోల్డరును విడదీయక మొత్తంగా నకలు చేయాలి.

6. నకళ్లను ఒక్కొక్కటిగా తెరచి చూడండి. పేరు కనిపించినంత మాత్రాన ఫైలు క్షేమంగా వచ్చినట్లు కాదు.

7. అన్‌మౌంట్ చేసి, ఆ పిమ్మట డిస్కును తీయండి.

సుడో యుమౌంట్ /ఎంఎన్‌టీ/డిస్క్

మౌంట్ అయి ఉన్నంతసేపు డ్రైవు మీట నొక్కినా తలుపు తెరచుకోకపోవడం సహజం. బలవంతంగా లాగకూడదు.

తరచుగా ఎదురయ్యే సందేశాలు

“మస్ట్ బి సూపర్‌యూజర్”: ఆదేశానికి ముందు సుడో పెట్టడం మరచినారు.

“రైట్ ప్రొటెక్టెడ్, మౌంటెడ్ రీడ్ ఓన్లీ”: ఇది లోపం కాదు. డిస్కుపై వ్రాయలేము గనుక చదవడానికి మాత్రమే తెరచినట్లు తెలుపుతున్నది. “చదవడానికి మాత్రమే” అనే షరతు ఇవ్వనప్పుడు ఇది కనిపిస్తుంది.

“నో మీడియం ఫౌండ్”: డ్రైవు డిస్కును గుర్తించలేదు. తలక్రిందులుగా పెట్టారేమో, మధ్యనున్న కుదురుపై సరిగా కూర్చున్నదో లేదో చూడండి. సీడీ మాత్రమే చదివే పాత డ్రైవులో డీవీడీ పెట్టినా డిస్కు పని చేయదు.

“మౌంట్ పాయింట్ డజ్ నాట్ ఎగ్జిస్ట్”: మూడవ మెట్టులోని ఫోల్డరు లేదు, లేదా దాని పేరులో అక్షరం తప్పింది.

“రాంగ్ ఎఫ్ఎస్ టైప్, బ్యాడ్ ఆప్షన్, బ్యాడ్ సూపర్‌బ్లాక్”: దీనికి కారణాలు పలు. డిస్కు ఖాళీది కావచ్చు, పాటల సీడీ కావచ్చు, వ్రాయడం మధ్యలో ఆగినది కావచ్చు, మొదటి భాగంలో గీతలు పడి ఉండవచ్చు. “ఫార్మాట్ చేస్తే బాగవుతుంది” అనే సలహాను మాత్రం వినవద్దు. ఫార్మాట్ అనగా ఉన్నది చెరిపి కొత్తగా గీయడం. మరల వ్రాయదగిన డిస్కు అయితే ఉన్నదంతా పోతుంది.

“టార్గెట్ ఈజ్ బిజీ”: అన్‌మౌంట్ చేయబోతే వస్తుంది. ఎవరో ఆ ఫోల్డరులోని ఫైలును తెరచి ఉంచారు, లేదా మీ టెర్మినలే ఆ ఫోల్డరులో నిలిచి ఉన్నది. వీడియో ప్లేయరును మూసివేసి, టెర్మినల్‌లో సీ, డీ అనే రెండక్షరాలు టైపు చేసి ఎంటర్ నొక్కితే మీ సొంత ఫోల్డరుకు వస్తారు. ఆపై మరల ప్రయత్నించండి.

కొన్ని ఫైళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి: ఒకే సీడీపై పలుమార్లు వ్రాసినప్పుడు ఒక్కొక్క విడతను సెషన్ అంటారు. లినక్స్ చివరి సెషన్‌ను చూపుతుంది. చివరి విడత వ్రాసినవారు పాత ఫైళ్లను కలపకపోతే అవి కనిపించవు. అవి డిస్కుపైనే ఉన్నాయి. షరతులలో ఆర్‌ఓ తరువాత కామా పెట్టి, ఖాళీ లేకుండా సెషన్=1 అని చేర్చితే మొదటి విడత తెరచుకుంటుంది.

పెళ్లి వీసీడీ, పాటల సీడీల సంగతి

2000వ దశకపు పెళ్లి వీడియోలలో వీసీడీలు ఎక్కువ. ఒక వీసీడీలో సుమారు 74 నుండి 80 నిమిషాల వీడియో పడుతుంది. అందుకే పెళ్లి ఒకటే అయినా డిస్కులు రెండో మూడో ఉంటాయి. వీటిని మౌంట్ చేస్తే ఎంపెగ్ ఏవీ అనే ఫోల్డరు, దానిలో డాట్ అనే ముగింపు గల పెద్ద ఫైళ్లు కనిపిస్తాయి. వాటిని నకలు చేయబోతే ఇన్‌పుట్ అవుట్‌పుట్ లోపమని వచ్చి ఆగిపోతుంది. డిస్కు మంచిదైనా ఇలాగే జరుగుతుంది.

కారణం ఇది. మామూలు సీడీలో ఒక్కొక్క గడిలో 2048 బైట్ల సమాచారం, దానికి తోడు తప్పులు దిద్దే సంకేతాలు ఉంటాయి. వీసీడీలో ఎక్కువ వీడియో పట్టించడం కోసం ఆ దిద్దుబాటు సంకేతాలలో కొంత భాగం వదలి ఒక్కొక్క గడిలో 2324 బైట్లు నింపారు. లినక్స్ మౌంట్ పద్ధతి 2048 బైట్ల లెక్కతో చదువుతుంది కనుక పొసగదు. అందుచేత వీసీడీని మౌంట్ చేయకుండానే వీఎల్‌సీ ప్లేయరులో డిస్కు తెరిచే వరుసకు వెళ్లి, వీసీడీ అని ఎంచుకుని చూడాలి. ఫైలుగా దించుకోవడానికి వీసీడీ ఇమేజర్ అనే పొదిలో ఉన్న వీసీడీఎక్స్‌రిప్ అనే ప్రోగ్రాము ఉపకరిస్తుంది. అది ఒక్కొక్క భాగాన్ని ఎంపెగ్ వీడియోగా తీసి ఇస్తుంది.

పాటల సీడీకి ఫైళ్ల అమరికే ఉండదు. క్యాసెట్టుపై పాట వలె ధ్వని వరుసగా పరచి ఉంటుంది. కనుక దానిని ఎవరూ, రూట్ కూడా, మౌంట్ చేయలేరు. ప్లేయరుతో వినవచ్చును. సీడీ పారనోయా వంటి ప్రోగ్రాముతో ఫైళ్లుగా మార్చుకోవచ్చును. అవ్వ పాడిన మంగళహారతులను, జానపద బృందం పాడిన పాటలను ఆడియో సీడీగా వ్రాయించినవారు ఈ తేడాను తెలుసుకోవాలి.

తెలుగు పేర్లు, పాత తెలుగు ఫైళ్లు

ఫైళ్ల పేర్లు తెలుగులో ఉంటే కొన్నిసార్లు ప్రశ్నార్థకాలుగా కనిపిస్తాయి. జోలియెట్ అనే విస్తరణలో పేర్లు యూనికోడ్‌లో ఉన్నప్పటికీ, మౌంట్ చేసేటప్పుడు వేరొక అక్షర సంకేతం వాడడం వలన ఇలా జరుగుతుంది. షరతులలో ఆర్‌ఓ తరువాత కామా పెట్టి ఐఓ క్యార్‌సెట్=యూటీఎఫ్8 అని చేర్చితే పేర్లు సరిగా వస్తాయి. దీని అక్షరక్రమం ఐ, ఓ, సి, హెచ్, ఎ, ఆర్, ఎస్, ఇ, టి. సమానం గుర్తు తరువాత యు, టి, ఎఫ్, 8. మధ్యలో ఖాళీలు ఉండరాదు.

పేరు సరిగా ఉండి, లోపలి వ్రాత మాత్రం అర్థంలేని ఇంగ్లీషు గుర్తులుగా కనిపించడం వేరు విషయం. డీటీపీ కేంద్రాలలో శుభలేఖలను, వంశవృక్షాలను, భజన పుస్తకాలను అను ఫాంట్లతో కూర్చేవారు. 1991 నాటి యూనికోడ్ మొదటి ప్రమాణంలోనే తెలుగు ఉన్నా అచ్చు పనిలో పాత ఫాంట్లే చాలాకాలం కొనసాగాయి. అట్టి ఫైలు పాడు కాలేదు. ఆ ఫాంటు ఉంటే చదవవచ్చును, యూనికోడ్‌లోకి మార్చుకోనూవచ్చును. కనుక అర్థం కాలేదని చెరిపివేయవద్దు.

గీతలు పడిన డిస్కు

మొదట డిస్కును మెత్తని నూలు గుడ్డతో మధ్య నుండి అంచు వైపు నేరుగా తుడవండి. గుండ్రంగా త్రిప్పి తుడిస్తే ఏర్పడే గీత సమాచారపు వరుస వెంటే సాగి ఎక్కువ నష్టం చేస్తుంది. సీడీలో సమాచారపు పొర పైనున్న అచ్చు వైపుకు దగ్గరగా ఉంటుంది కనుక ఆ వైపు గీత పడితే మరింత ప్రమాదం. ఇంట్లో వ్రాసుకున్న డిస్కులలో రంగు పదార్థపు పొర ఉంటుంది. ఎండ తగిలే చోట ఉంచితే అది చెడుతుంది.

అప్పటికీ ఫైళ్లు రాకపోతే మౌంట్ చేసి పదేపదే నకలుకు ప్రయత్నించడం కంటే, మొత్తం డిస్కును ఒకే ఫైలుగా దించుకోవడం మేలు. అట్టి ఫైలును ఐఎస్‌ఓ ప్రతి అంటారు. ఇందుకు గ్నూ డీడీ రెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము ఉన్నది. ఇది ముందు బాగున్న భాగాలను దించి, చదవలేని చోట్లను ఒక పటం ఫైలులో గుర్తుంచుకుని, తరువాత ఆ చోట్ల వద్దకే తిరిగి వస్తుంది. పటం ఫైలు ఉన్నందున పనిని మధ్యలో ఆపి, మరునాడు కొనసాగించవచ్చును. ఒక డ్రైవు చదవలేని భాగాన్ని వేరొక డ్రైవు చదవగలదు కనుక అవే రెండు ఫైళ్లను పెన్‌డ్రైవులో తీసుకుని, పొరుగింటి కంప్యూటరులో కూడా ప్రయత్నించవచ్చును.

ఇలా దించిన ఐఎస్‌ఓ ప్రతిని డిస్కు లేకుండానే మౌంట్ చేయవచ్చు. పెళ్లి అనే పేరు గల ప్రతికి ఆదేశం ఇది. లూప్ అనగా ఫైలునే డిస్కుగా భావించమని చెప్పడం.

సుడో మౌంట్ -ఓ లూప్,ఆర్‌ఓ పెళ్లి.ఐఎస్‌ఓ /ఎంఎన్‌టీ/డిస్క్

వీసీడీలకు, పాటల సీడీలకు ఈ ఐఎస్‌ఓ మార్గం వర్తించదు.

ప్రతిసారీ పాస్‌వర్డు లేకుండా

ఇంట్లో పెద్దలు, పిల్లలు తరచుగా డిస్కులు చూస్తుంటే ప్రతి ఒక్కరికీ నిర్వాహకుని హోదా ఇవ్వనక్కరలేదు. ఈటీసీ అనే ఫోల్డరులో ఎఫ్ఎస్ ట్యాబ్ అనే ఫైలు ఉంటుంది. ఏ యంత్రాన్ని ఏ ఫోల్డరులో ఏ షరతులతో తెరవాలో అందులో వరుసకు ఒకటిగా వ్రాసి ఉంటుంది. దానికి చివర ఈ వరుసను చేర్చాలి:

/డెవ్/ఎస్‌ఆర్0 /ఎంఎన్‌టీ/డిస్క్ యూడీఎఫ్,ఐఎస్‌ఓ9660 యూజర్,నోఆటో,ఆర్‌ఓ 0 0

యూజర్ అనగా సామాన్య వాడుకరి కూడా దీనిని మౌంట్ చేయవచ్చునని అర్థం. ఆ మాట పెట్టినప్పుడు నోసుయిడ్ వంటి రక్షణలు వాటంతట అవే అమలవుతాయి. నోఆటో అనగా కంప్యూటరు మొదలయ్యేటప్పుడు డిస్కు కోసం వెదకవద్దని. దీని తరువాత సుడో లేకుండా, మౌంట్ అని, ఫోల్డరు పేరు మాత్రం చెబితే సరిపోతుంది. ఎఫ్ఎస్ ట్యాబ్‌ను మార్చడానికి మాత్రం సుడో కావాలి. అందులోని తక్కిన వరుసలు చెడితే కంప్యూటరు మొదలవడమే ఆగిపోవచ్చు. కాబట్టి ముందుగా దానికి నకలు తీసి ఉంచుకోండి, పాత వరుసలను తాకకండి.

మరువరాని జాగ్రత్తలు

సుడో అడిగినది చేస్తుంది, “ఇది తప్పు కాదా?” అని ప్రశ్నించదు. ఎస్‌ఆర్0 అని వ్రాయవలసిన చోట ఎస్‌డీఏ అని వ్రాస్తే మౌంట్ విషయంలో పెద్ద హాని లేకపోవచ్చును. కాని ఎంకేఎఫ్ఎస్, డీడీ వంటి ఆదేశాలలో అదే పొరపాటు జరిగితే ఇంటి కంప్యూటరులోని సమస్తమూ పోతుంది. కనుక:

• అర్థం తెలియని ఆదేశాన్ని, ఎవరు చెప్పినా, సుడోతో నడపవద్దు.
• ఎంటర్ నొక్కే ముందు యంత్రం పేరును ఒకసారి పైకి చదువుకోండి.
• నిర్వాహకుని పాస్‌వర్డును మానిటరుపై చీటీగా అంటించవద్దు. ఇంటిలో మరొక పెద్దకు తెలిసి ఉండడం మాత్రం అవసరం.
• ఎక్కడి నుండో వచ్చిన డిస్కును మౌంట్ చేసేటప్పుడు షరతులలో ఆర్‌ఓ తో పాటు నోసుయిడ్ కూడా చేర్చండి.
• నకలు తీసిన వెంటనే అసలు డిస్కును పారవేయవద్దు. నకళ్లు రెండు ఉండాలి, అవి రెండు వేరు యంత్రాలలో ఉండాలి.

ఆ రెండవ నకలును సరిహద్దుకు ఆవల ఉన్న అన్నదమ్ముల ఇంటనో, ఆడపడుచు ఇంటనో ఉంచడం ఉత్తమం. ఒక ఇంట వరద నీరు చేరినా, హార్డ్ డిస్కు ఆగిపోయినా, మరొక ఇంట ఆ పెళ్లిపందిరి, ఆ తాతగారి ముఖం, ఆ అవ్వ గొంతు నిలిచి ఉంటాయి. బీరువాలో ఉన్న డిస్కులు ఏటికేడు పాతబడుతున్నాయి. డ్రైవులు అరుదవుతున్నాయి. ఈ పని ఈ సెలవులలోనే పూర్తి చేసుకోవడం మంచిది.